వంద గ్రాముల లోపు గాలం కర్ర

పోయినేడు సంక్రాంతి వెళ్లాక నా కుడి మణికట్టు మొరాయించింది. అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తాను కాబట్టి తప్పు కీబోర్డు మీదికి తోసేద్దామనుకున్నాను. డాక్టరుగారు రెండు ప్రశ్నల్లోనే అసలు దొంగని పట్టేశారు. ప్రతి ఆదివారం తెల్లారకముందే అంతర్వేది వైపు ఉప్పుటేటి గట్టుకి పోవడం, పండుగప్ప కోసం ప్లాస్టిక్ చేపని విసరడం, చుట్టడం, మళ్లీ విసరడం. ఒక పొద్దుటికి రెండు వందల విసుర్లకి తక్కువ ఉండవు. చేతికి రెస్ట్ ఇవ్వమన్నారు. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ ఇచ్చాను.

అప్పటి నా రాడ్ ఏడడుగుల ఫైబర్ గ్లాసుది. మా వీధి కంసాలి డిజిటల్ తూకం మీద పెట్టిస్తే రీలు లేకుండానే 208 గ్రాములు తూగింది. "బంగారం తూచేదాని మీద గాలం కర్రేంటండీ బాబూ" అని నవ్వాడు గానీ, ఆ తర్వాత ఆరు నెలలు నేను తెచ్చిన ప్రతి ముక్కనీ విసుక్కోకుండా తూచిపెట్టాడు. విడిభాగాలు తెప్పించుకుని వంద గ్రాముల లోపు సొంతంగా ఒకటి కట్టుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

మొదట చేసింది తప్పు పని. పిడి సామాన్లు కొన్నాను. రాడ్‌లో లావుగా, బరువుగా కంటికి కనపడేది పిడే కదా, అక్కడ తగ్గిస్తే చాలనుకున్నాను. రీలు బిగించే సన్నటి రీల్ సీట్, మధ్యలో ఖాళీ వదిలేసి ముందొకటి వెనకొకటి పెట్టుకునే పొట్టి నురుగు పిడి ముక్కలు, చిన్న అడుగు బిళ్ళ. అన్నిటినీ ఒక కార్బన్ బ్లాంక్‌కి, అంటే ఏమీ బిగించని ఒట్టి కర్రకి, టేపుతో చుట్టి, దారం దూరిపోయే రింగుల్ని పాత రాడ్ నుంచి ఊడదీసి వాటినే దానికీ కట్టి ఊపి చూశాను. తూకంలో బాగా తగ్గింది. చేతిలో మాత్రం కొస నేలకి జారిపోతోంది. బరువు తగ్గాక చెయ్యి ఇంకా ఎక్కువ లాగడమేంటో అర్థం కాలేదు.

ఏతం తొక్కడం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పట్టుకున్న చోటికి దూరంగా ఉన్న గ్రాము, దగ్గరున్న గ్రాముకి ఎన్నో రెట్లు తూగుతుంది. అరచేతి కింద ఇరవై గ్రాములు తీసేసినా చేతికి పెద్దగా తెలియదు. ఆరడుగుల అవతల, కొసన రెండు గ్రాములు తీస్తే మాత్రం తెలుస్తుంది. పైగా నేను వెనక పిడి బరువు తీసేసి, కొస బరువు అలాగే ఉంచాను. అంటే కావడికి ఒకవైపు కుండ మాత్రమే దించానన్నమాట. ఇంకో సంగతి కూడా ఉంది. కొస బరువుగా ఉంటే విసిరిన తర్వాత రాడ్ వెంటనే నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగులాట దారాన్ని రింగులకేసి కొట్టి దూరాన్ని మింగేస్తుంది.

అప్పటి నుంచి ఏది కొన్నా ముందు కొస వైపుది చూసి, తర్వాతే కిందికి వచ్చాను.

అందులో బ్లాంక్ ఎంపిక దగ్గర ఎక్కువ రోజులు కొట్టుకున్నాను. కార్బన్ బట్టని ఉక్కు కడ్డీకి చుట్టి, రెసిన్‌తో కాల్చి తీస్తారు దాన్ని. 24 టన్ను, 30 టన్ను, 40 టన్ను అని రాసేది కార్బన్ నూలు బిగువు. టన్ను పెరిగితే తక్కువ బట్టతోనే అదే బిగువు వస్తుంది కాబట్టి గోడ పల్చనై బరువు తగ్గుతుంది. అయితే దెబ్బకి ఓర్చుకోదు. పడవ అంచుకి ఒక్కసారి టక్కుమని తగిలినా కంటికి కనపడని గాటు పడుతుంది, తర్వాతెప్పుడో చేప లాగినప్పుడు అక్కడే విరుగుతుంది. మనం వెళ్లేది నాటు పడవల మీద, మడ చెట్ల వేళ్ల మధ్యకి. అందుకే నలభై మీద ఆశ వదులుకుని ముప్పై దగ్గర ఆగాను. ఏడడుగులు, మీడియం లైట్, 43 గ్రాములు. ఒకే ముక్కది ఇంకా తేలికే, మధ్యలో అతుకు బరువుండదు. కానీ మా అత్తవారిది నరసాపురం. స్కూటర్ మీద సఖినేటిపల్లి రేవుకి పోయి, పంటు మీద గోదావరి దాటే మనిషికి ఏడడుగుల ఒంటి ముక్క కుదరదు. రెండు ముక్కలదే తీసుకున్నాను.

కార్బన్ గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. దాంట్లో కరెంటు పారుతుంది. మా వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లకి వేసిన తీగలు చేతికందే ఎత్తులో వేలాడుతుంటాయి. వెదురు గెడ పట్టుకుని నడిచినంత ధీమాగా కార్బన్ రాడ్ నిలబెట్టుకుని నడవకండి. నేను గట్టు ఎక్కే ముందే రెండు ముక్కలుగా ఊడదీస్తాను. ఉరుము వినపడితే ఇంక ఆ రోజుకి సర్దేయడమే.

బ్లాంక్ వచ్చిన రోజు మా మావయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఆయనది వెదురు గెడ, బెండు, వానపాము. కాలవ గట్టున కూర్చుని కొరమీను కోసం మధ్యాహ్నాలు మధ్యాహ్నాలు గడిపే రకం. నేను కొలతలు తీస్తుంటే నా చేతిలోంచి లాక్కుని, మొదలు నేలకి ఆనించి, కొస పట్టుకుని కొంచెం వంచి, మెల్లిగా దొర్లించాడు. ఒకచోట అది టప్పున తిరిగి నిలబడింది. "వెదురుకి ఉన్నట్టే దీనికీ ఒక వాలుందిరా. ఇది చూడకుండా రింగులు కట్టేస్తావేంటి?" అన్నాడు. బట్ట చుట్టినప్పుడు ఒకవైపు మడత ఎక్కువ పడడం వల్ల వచ్చేది అది, స్పైన్ అంటారు. రింగులు దాని వరసలోనే కట్టాలనేవాళ్లున్నారు, బ్లాంక్ నిటారుగా కనపడే వరసలో కడితే చాలనేవాళ్లూ ఉన్నారు. నేను రెండోదే చేశాను. కొస వంకరగా కనపడితే విసిరినప్పుడల్లా నా కన్ను అక్కడికే పోతుంది మరి.

రింగుల దగ్గర డబ్బు పెట్టాను, పెట్టినందుకు బాధ లేదు. ఉప్పుటేటి నీళ్లలో మామూలు రింగు చట్రం ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. టైటానియం చట్రానికి తుప్పు లేదు, ఉక్కు కంటే తేలిక, ఖరీదు మాత్రం గట్టిది. అందుకని పై సగంలో చిన్న రింగులు, కొస రింగు టైటానియంవి తీసుకుని, రీలు దగ్గర ఉండే రెండు పెద్దవి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి పెట్టాను. అక్కడ అర గ్రాము ఎక్కువైనా చెయ్యి పట్టించుకోదు. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగితే తుప్పూ ఆగుతుంది. లోపలి వలయం సిలికాన్ కార్బైడ్‌ది. పోగులతో అల్లిన బ్రెయిడ్ దారం రంపంలా కోస్తుంది, మెత్తటి వలయాల్లో గాడి పడుతుంది. గాడి పడ్డ రింగు మళ్లీ దారాన్ని కోస్తుంది.

జపాన్ ఫ్యూజీ వాళ్ల కె సిరీస్ రింగుల్లో చట్రం ముందుకి వాలి ఉంటుంది. గాలికి దారం ఉచ్చులా పడ్డా జారిపోతుంది. మా తీరంలో మధ్యాహ్నం పైరగాలి తెలిసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. ఎక్కడ కట్టాలనేదానికి వాళ్లే చెప్పే లెక్క ఒకటి ఉంది. రీలులో దారం చుట్టుకునే స్పూలు వ్యాసాన్ని 27తో హెచ్చిస్తే వచ్చే దూరంలో, సుడులు తిరుగుతూ వచ్చే దారం తిన్నగా అయిపోయే రింగు ఉండాలి. నా 2500 సైజు రీలుకి 46 మిల్లీమీటర్లు, అంటే స్పూలు నుంచి 1242 మిల్లీమీటర్లు. ఆలోపు 20, 10, 5.5 సైజులు దిగుతూ వస్తాయి, అక్కడి నుంచి కొసదాకా అన్నీ చిన్నవే. ముందు 4 సైజువి తెప్పించాను, ఇంకా తేలికని. పండుగప్ప దవడ పక్క రేకు కత్తిలా ఉంటుంది కాబట్టి చివర లీడర్ అనే లావు దారం ముక్క కట్టక తప్పదు, ఆ ముడి 4 సైజు రింగులో ప్రతిసారీ టిక్కుమని తట్టింది. వాటిని పక్కన పడేసి 5 తీసుకున్నాను. లెక్క ప్రకారం రబ్బరు బ్యాండ్లతో కట్టి, దారం లాగి, వంపు చూసి, దారం ఎక్కడా బ్లాంక్‌ని రాసుకోకుండా రెండు రింగుల్ని కొంచెం జరిపాను. లెక్కని పట్టుకుని కళ్లు మూసుకోకూడదు.

పిడి గురించి రెండు మాటలు చాలు. కార్కు చేతికి హాయిగా ఉంటుంది, కానీ మా బురదకీ చేప జిగురుకీ నాలుగు నెలల్లో నల్లబడి పెచ్చులూడుతుంది. ఈవీఏ నురుగు పెట్టాను. రీల్ సీట్ 16 సైజు. బ్లాంక్‌కీ దానికీ మధ్య ఖాళీని మాస్కింగ్ టేపు వరసలతో నింపి ఎపాక్సీ జిగురు పెట్టాను.

రింగుల కాళ్ల మీద దారం చుట్టడం నావల్ల కాలేదు. 'A' సైజు అనే సన్నటి నైలాన్ దారం, ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకూడదు. నరసాపురంలో పండక్కి వెళ్లినప్పుడు వాకిట్లో కూర్చుని తంటాలు పడుతుంటే మా అత్తయ్యగారు కాసేపు చూసి, "అల్లుడుగారూ, దారం మీ చేతిలో భయపడుతోందండీ, ఇటివ్వండి" అన్నారు. నలభై ఏళ్లుగా లేసు అల్లిన చేతులవి. మూడు రింగులు ఆవిడే చుట్టారు, మిగతావి ఆవిడ చూస్తుండగా నేను చుట్టాను. ఇప్పటికీ ఆ మూడూ ఏవో వెతికి చూపించొచ్చు.

పైన ఎపాక్సీ పూత ఆశ్లేష కార్తె ముసురులో వేయడం నా రెండో తెలివితక్కువ పని. రెండు సీసాలు సమానంగా కలపాలని మెడికల్ షాపులో సిరంజీలు కొన్నాను. రబ్బరు ముచ్చిక జారడానికి వాటికి సిలికాన్ రాస్తారని నాకేం తెలుసు? అది పూతలో కలిసి, చేప కళ్లలాంటి గుంటలు పడ్డాయి. తేమకి పైన మబ్బు కమ్మినట్టు అయింది. మొత్తం గీకి, దారం కోసి, మళ్లీ మొదటి నుంచి. అత్తయ్యగారి మూడు రింగులు కూడా పోయాయని టెన్షన్‌తో ఫోన్ చేస్తే, "దానికేముందండీ, తీసుకురండి" అన్నారు. రెండోసారి శీతాకాలంలో, పొడి మధ్యాహ్నం, గీతలున్న ప్లాస్టిక్ కప్పులతో కొలిచి, పల్చగా వేశాను. ఆరేదాకా నెమ్మదిగా తిప్పడానికి దేవుడి పందిట్లో రంగుల చక్రం తిప్పే చిన్న మోటారు పనికొచ్చింది. పూత లావైతే అదీ కొస మీద బరువే.

కంసాలి తూకం మీద చివరి లెక్క: బ్లాంక్ 43, రీల్ సీట్ 18, పిడి 15, అడుగు బిళ్ళ 3, రింగులన్నీ కలిపి 5, దారం, పూత, జిగురు 10. మొత్తం 94 గ్రాములు. పాత రాడ్ రింగులు ఒక్కటే 17 ఉండేవి.

కొస రింగుకి మాత్రం ఎపాక్సీ వాడలేదు, వేడికి కరిగే జిగురు కర్ర పెట్టాను. ఎందుకో మొన్న ఫాల్గుణంలో తెలిసింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే తోపులాటలో ఎవరిదో బైక్ హ్యాండిల్ తగిలి కొస రింగు వంగిపోయింది. టీ కొట్టాయన లైటర్ ఇచ్చాడు. మంట బ్లాంక్‌కి తగలకుండా రింగు గొట్టానికి చూపించి, కరగ్గానే చిన్న పటకారుతో లాగేశాను. పర్సులో ఇంకో రింగు, జిగురు ముక్క ఎప్పుడూ ఉంటాయి. టీ చల్లారేలోపు పని అయిపోయింది, పంటు మాత్రం వెళ్లిపోయింది.