డిశ్చార్జి అయ్యాకే అడుగుదాం

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పీఆర్వోగా పనిచేస్తున్నాను. పాప పుట్టి, సెలవు ముగిసి మళ్లీ డ్యూటీలో చేరినప్పటి నుంచి ఆఫీసులో ఒకే విషయం మీద గట్టిగా వాదిస్తున్నాను. కాన్పయిన తల్లి ఇంకా వార్డులో ఉండగానే ఫొటోకి, వీడియోకి సంతకం అడగకూడదు.

నేను ఈ ఉద్యోగానికి వచ్చినప్పుడు పనంతా పేపర్ల చుట్టూ తిరిగేది. సాయంత్రంలోపు ప్రెస్ నోట్, దానికో ఫొటో, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు వరసగా. 'అను' అనే పాత తెలుగు ఫాంటులో కొట్టింది అవతల తెరిస్తే అక్షరాలు చెదిరిపోతాయని పీడీఎఫ్ కూడా జతచేసేదాన్ని. తర్వాత పేపర్లకు స్థానిక వార్తలు పంపే కంట్రిబ్యూటర్లకు ఫోన్ చేసి, "అన్నా, జిల్లా పేజీలో కాస్త చూడండి" అనడం. పొద్దున్నే క్లిప్పింగులు కత్తిరించి ఫైల్లో అతికించడం. తల్లీబిడ్డల ఫొటో పడినా, మర్నాటికి ఆ పేపరు పాతదైపోయేది.

ఇప్పుడు ప్రెస్‌మీట్ పెడితే బల్ల మీద మైకుల్లో ఎక్కువ భాగం యూట్యూబ్ చానళ్లవే. ఆ కుర్రాళ్లను నేను తక్కువ చేయను. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు ఏ వీధిలో నీళ్లెంత వచ్చాయో జనానికి అప్పటికప్పుడు చూపించింది ఫోన్లే, పేపరు మర్నాడు గానీ రాలేదు. కానీ వీళ్లకు నోట్ అక్కర్లేదు, మొహం కావాలి. మా పేజీలో పెట్టిన రీల్‌ని ఇంకెవరో దించుకుని, తమ లోగో వేసి, పాట తగిలించి వదులుతారు. మేం తీసేసినా అది ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది.

నాకు ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఆ రోజు ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టానో, ఏది దేనికో అడిగే ఓపిక లేదు. అందులో రీల్‌కి ఒప్పుకోలు కాగితం ఉన్నా పెట్టేసి ఉండేదాన్ని. ఆసుపత్రి పని బాగా తెలిసిన నా పరిస్థితే అది. మరి ఏర్పేడు నుంచో పాకాల నుంచో వచ్చిన అమ్మాయి, డాక్టరమ్మ పక్కన నిలబడి ఉంటే ఎట్లా కాదంటుంది?

ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు. పుట్టిన గంటలోపే పాలు పట్టాలి, ఆరు నెలలు మంచినీళ్లు కూడా వద్దు అని ఏటా రాసేదాన్ని. ఈసారి ఆ నోట్‌ని మధ్యాహ్నం కౌన్సెలింగ్ గదిలో తలుపు గడియ వేసుకుని, పాప కోసం నా పాలు పిండుకుని సీసాలో పెట్టుకున్నాక రాశాను. అందుకే ఇంకో వాక్యం చేర్చాను. ఉద్యోగానికి తిరిగొచ్చిన తల్లికి, బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలివ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే చెప్పింది. 2017లో సెలవు 26 వారాలకు పెరిగిందని అందరికీ తెలుసు, ఈ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఒక పేపరు ఆ వాక్యాన్ని వదలకుండా వేసింది. చాలా సంతోషమేసింది.

ఆ వారంలోనే ఒక చానల్ అబ్బాయి వార్డులో తల్లి పాలిస్తుండగా తీస్తానన్నాడు. అత్తగారు "తీసుకోండి మేడం, ఏముందిలే" అంది. కోడలు కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "పెద్దామె ఒప్పుకునింది గదక్కా" అన్నాడు ఆ అబ్బాయి. అందర్నీ బయటికి పంపి ఆ పిల్లను అడిగాను. "మా ఊరోళ్లందరి ఫోన్లకీ వస్తాదక్కా, వద్దు" అంది.

పాలు పట్టే తీరు నేర్పడానికి మా సిస్టర్ల దగ్గర ఒక బొమ్మ ఉంటుంది. దాంతోనే తీయించాం. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్లాలని సిస్టర్ నిదానంగా చూపించింది. దాన్ని చూసి సందేహాలడుగుతూ ఫోన్లు వచ్చాయి. బాలింతలకు కావలసింది అదే కదా, వేరే ఎవరి మొహమో కాదు.

మేనేజ్‌మెంట్ ముందు నా మాట ఒక్కటే సరిపోదని నిబంధనలు కూడా పెట్టాను. గుర్తుపట్టేలా రోగుల ఫొటోలను వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించకూడదని డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002లోనే చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కూ ఇస్తుంది.

ఇప్పుడు కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడే అడుగుతున్నాం. తెలుగులో ఒకే పేజీ. ఎక్కడ పెడతాం, తీసేయమంటే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. తల్లిని విడిగా అడుగుతాం. "ఒప్పుకునేవాళ్లు తగ్గిపోయారు" అని మార్కెటింగ్ వాళ్ల బాధ. తగ్గనివ్వండి, అడిగితే వద్దనేవాళ్ల ఫొటోలు మనకెందుకు?

రేణిగుంట రోడ్డు హోర్డింగుల సంగతి ఇంకా తేలలేదు. మన ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ మొహమే ఉండాలని మార్కెటింగ్ వాళ్ల పట్టు. సిబ్బంది సొంత ఫోన్లలో తీసే వార్డు వీడియోలు ఇంకో సమస్య. రెండూ వచ్చే మీటింగులో పెడుతున్నాను.