ఢీకొన్నప్పుడు ఫౌల్ ఎవరిది?

కర్నూలులో కళాశాల జట్ల మధ్య జరిగే బాస్కెట్‌బాల్ పోటీలకు రెఫరీగా వెళ్లినప్పుడు నేను తరచుగా వినే అభ్యంతరం ఒకటుంది. బంతితో దూసుకువచ్చిన ఆటగాడు డిఫెండర్ ఛాతీకి తగిలి ఇద్దరూ పడిపోయినప్పుడు నేను చార్జింగ్ (దూసుకువచ్చినవాడి ఫౌల్) ఇస్తే, "సార్, వాడు కదులుతున్నాడు కదా, బ్లాకింగ్ ఇవ్వాలి" అని, అంటే ఫౌల్ డిఫెండర్‌దే అని, బెంచీ మీది నుంచి కేకలు వస్తాయి. డిఫెండర్ కదలకుండా నిలబడి ఉంటేనే అతనికి న్యాయం దక్కుతుందని ఆటగాళ్లే కాదు, అనుభవమున్న పీడీ సార్లు కొందరు కూడా గట్టిగా నమ్ముతారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అయిన ఫిబా నియమావళిలో అటువంటి షరతు ఎక్కడా లేదు.

నియమం కోరేది ఇంతే: డిఫెండర్ మొదట ప్రత్యర్థికి ఎదురుగా తిరిగి, రెండు పాదాలూ నేల మీద ఆనించి, తాకిడి లేకుండా తన చోటు సంపాదించుకోవాలి. దీన్నే లీగల్ గార్డింగ్ పొజిషన్ అంటారు. ఒకసారి అది ఏర్పడిన తరువాత, దానిని నిలుపుకోవడానికి అతడు పక్కకు జరగవచ్చు, వెనక్కి అడుగు వేయవచ్చు, నిలువుగా పైకి ఎగరవచ్చు. అలా జరుగుతున్న క్షణంలో పాదాలు నేలను విడిచినా అతని హక్కు పోదు. తాకిడి అతని మొండెం మీద జరిగితే, ఆ చోటికి అతడే ముందు చేరినట్లు లెక్క. అదే డిఫెండర్ ముందుకు తోసుకువచ్చినా, దాటిపోతున్నవాడికి మోకాలో తుంటో అడ్డం పెట్టినా అది నిస్సందేహంగా బ్లాకింగే.

బంతి చేతిలో ఉన్న ఆటగాడికి కాలం, దూరం అనే రక్షణలు కూడా వర్తించవు. బంతి లేని ఆటగాడిని అడ్డుకునేటప్పుడు అతడు ఆగడానికో దారి మార్చుకోవడానికో తగినంత ఎడం వదలాలి. డ్రిబ్లింగ్ చేస్తున్నవాడు, అంటే బంతిని నేలకు కొడుతూ సాగుతున్నవాడు మాత్రం రెప్పపాటులో ఎదురుగా మనిషి వచ్చి నిలిచినా ఆగడానికి సిద్ధంగా ఉండవలసిందే. 1891లో ఈ ఆటను రూపొందించిన నైస్మిత్ రాసిన తొలి పదమూడు నియమాల ప్రకారం బంతి పట్టుకొని పరుగెత్తడమే కుదరదు కనుక, ఈ చిక్కు డ్రిబ్లింగ్‌తో పాటు ఆటలోకి వచ్చిందనే చెప్పాలి.

ఇవన్నీ తెలిసిన రెఫరీ కూడా పొరబడడానికి ముఖ్య కారణం, నా ఉద్దేశంలో, కళ్లు బంతి వెంట పోవడమే. బంతిని చూస్తున్నవాడికి ఢీకొన్న తరువాతి దృశ్యమే కనబడుతుంది, ఎవరు ముందు చేరారో కనబడదు. అందుకే బేస్‌లైన్ (బుట్ట వెనక ఉండే కోర్టు చివరి గీత) దగ్గర నిలిచిన రెఫరీ, బంతితో బుట్ట వైపు దూసుకుపోయే డ్రైవ్ మొదలుకాకముందే డిఫెండర్ పాదాలనూ మొండాన్నీ గమనించాలి, ఇద్దరి మధ్య ఖాళీ కనిపించే కోణంలోకి ముందే జరగాలి. ఎగిరిన ఆటగాడి విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. అతడు నేల విడిచిన తరువాత అతని దారిలోకి వచ్చి నిలిచినవాడు ఎంత నిశ్చలంగా ఉన్నా ఫౌల్ అతనిదే. మా ప్రాంతపు సిమెంటు కోర్టుల మీద అలా పడినవాడి మోచేతులు, మోకాళ్లు చీరుకుపోతాయి కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ వెసులుబాటు ఇవ్వను. బుట్ట కింద 1.25 మీటర్ల వ్యాసార్ధంతో ఉండే నో చార్జ్ అర్ధవలయం (ఇందులో నిలిచిన డిఫెండర్‌కు బంతితో ఎగిరినవాడు తగిలినా సాధారణంగా చార్జింగ్ ఇవ్వరు) గీత కొన్ని పాత కోర్టుల్లో కనిపించదు; అటువంటి చోట ఆటకు ముందే ఇద్దరు కోచ్‌లతో మాట్లాడుకోవడం మంచిది.

ఇక చేతుల సంగతి. తగిలిన ప్రతిసారీ విజిల్ ఊదితే ఆట సాగదు. ఆ స్పర్శ వల్ల డ్రిబ్లర్ వేగం తగ్గిందా, తూకం తప్పిందా, వెళ్లదలచిన దారి మారిందా అన్నదే చూడాలి. అయితే నడుము మీద చెయ్యి ఆనించి ఉంచడం, మళ్లీ మళ్లీ తడమడం మాత్రం మొదటి నిమిషాల నుంచే ఫౌల్‌గా ఇవ్వాలి. మొదటి క్వార్టర్‌లో రెండు మూడుసార్లు ఇస్తే డిఫెండర్లు చేతులు తీసి పాదాలతో ఆడడం మొదలుపెడతారు. అదే ఫౌల్‌ను నాలుగో క్వార్టర్ చివర్లో తొలిసారిగా ఇస్తే, అంతవరకూ మన మౌనాన్ని అనుమతిగా భావించి ఆడిన కుర్రవాడికి అది ఐదో ఫౌల్ అయి, అతడు ఆట నుంచి బయటికి వెళ్లవలసి రావచ్చు.