బుగ్గను పట్టని సక్షన్ కొన: ఇప్పటిదాకా జరిగిన పని

పళ్ళ డాక్టరు పని చేస్తుండగా నోట్లోంచి నీటినీ లాలాజలాన్నీ పంటి పొడినీ లాగేసే గొట్టం ఉంటుంది కదా, దాని కొన మీద కొంతకాలంగా ఇంట్లో ప్రయోగాలు చేస్తున్నాను. రోగికి హాయిగా ఉండాలి, పని మధ్యలో మొరాయించకూడదు అని రెండు లక్ష్యాలతో మొదలుపెట్టాను. అవి రెండూ ఒకటేనని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. కొన బుగ్గను పట్టేసిందంటే రోగికి నొప్పి పుడుతుంది, గాలి ఆగిపోతుంది, నోట్లో నీరు నిలిచిపోతుంది. బుగ్గను వదిలే కొన ఈ మూడింటికీ మందు.

డెంటల్ అసిస్టెంట్‌గా పనిచేసే మా అక్క మొదటే ఒక మాట చెప్పింది: "నీళ్ళు లాగడం మోటారు చూసుకుంటుందిరా, నువ్వు బుగ్గను వదిలించే సంగతి చూడు." కుర్చీ దగ్గర రెండు గొట్టాలుంటాయి. పెదవి మూలన వంచి తగిలించే సన్నది ఒకటి, అసిస్టెంట్ చేత్తో పట్టుకునే లావుది ఇంకొకటి. లావు కొనకు సాధారణంగా 8 మి.మీ. లేదా అంతకు మించిన రంధ్రం ఉంటుంది. అది నిమిషానికి సుమారు 250 లీటర్లు, అంతకు పైన గాలిని లాగాలి. డ్రిల్లును చల్లబరిచే నీరు నిమిషానికి 50 మి.లీ. దగ్గర ఉంటుంది, అయినా అంత గాలి అవసరమే. తుంపర నోరు దాటి గాల్లో కలవకముందే దాన్ని పట్టాలి.

క్లినిక్ మోటారు నా దగ్గర లేదు. తడినీ పొడినీ లాగే వాక్యూమ్ క్లీనర్‌కు మూడు దారులుండే టీ (T) జాయింటు వేసి, పక్క దారికి బాల్ వాల్వు పెట్టాను. కొనను వేలితో పూర్తిగా మూసినప్పుడు లాగే పీడనం 15 కిలోపాస్కల్ దాటకుండా ఆ వాల్వు తెరిచి ఉంచుతాను. పీడనం కొలవడానికి పారదర్శక ప్లాస్టిక్ పైపును గోడకు యూ ఆకారంలో బిగించి, రంగు నీళ్ళు పోశాను. రెండు మట్టాల మధ్య తేడా 10 సెం.మీ. ఉంటే సుమారు 1 కిలోపాస్కల్ అని లెక్క. కాబట్టి పైపు భుజాలు ఒకటిన్నర మీటరుకు తగ్గకూడదు. చిన్న ఎలక్ట్రానిక్ సెన్సర్లు దొరుకుతాయి కానీ తడి చేరితే పాడవుతాయి, ఈ పనికి నీటి పైపే మేలు. బుగ్గ బదులు నీళ్ళు నింపిన చేతి గ్లవ్‌నూ, లాలాజలం బదులు పలుచటి సగ్గుబియ్యం గంజినీ, పంటి పొడి బదులు మెత్తని సుద్దపొడినీ వాడుతున్నాను.

ఈసారి ఎక్కువ సమయం కొన అంచుకే పోయింది. 8 మి.మీ. రంధ్రం వైశాల్యం సుమారు 50 చదరపు మి.మీ. కొనకు కాస్త వెనకగా 3 మి.మీ. రంధ్రాలు రెండు పెడితే మరో 14 చదరపు మి.మీ. కలుస్తుంది. బుగ్గ అంటుకున్నప్పుడు గాలికి దారి దొరికి పట్టు సడలుతుంది, నిజమే. కానీ ఆ రంధ్రాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి కనుక కొన దగ్గర లాగే బలాన్ని ప్రతి క్షణం కొంత తినేస్తాయి. అందుకే అంచులోనే గాట్లు పెట్టి చూశాను. అంచు ఆనినప్పుడు మాత్రమే గాట్లకు పని, మిగతా సమయంలో అవి అడ్డు రావు. లోతు తక్కువైతే మెత్తని బుగ్గ వాటిలోకి ఉబ్బి మూసేస్తుంది. 1.5 మి.మీ. లోతు చాలలేదు. 3 మి.మీ. వెడల్పు, 2.5 మి.మీ. లోతుతో నాలుగు గాట్లు పెట్టి, మూలలన్నీ గుండ్రంగా చేసి, వెనక 2 మి.మీ. రంధ్రం ఒక్కటే ఉంచాక గ్లవ్ దానంతటదే జారిపోతోంది. నీటి పైపులో పీడనం కూడా మునుపటిలో సగానికి దిగింది. వెనక రంధ్రం అంచును ఏటవాలుగా అరగదీయడంతో ఈల మోత కూడా బాగా తగ్గింది.

అంచు మెత్తగా ఉండాలి కానీ కొన మొత్తం మెత్తనైతే లోపలికి ముడుచుకుపోతుంది. కాబట్టి గట్టి పాలీప్రొపిలీన్ గొట్టం చివర సిలికోన్ తొడుగు పోస్తున్నాను. రబ్బరు గట్టిదనాన్ని చెప్పే షోర్ ఎ కొలతలో 40 దగ్గర గట్టిదనం, 2 మి.మీ. మందం సరిపోతున్నాయి. ప్లాటినం సాయంతో గట్టిపడే రకం సిలికోన్‌తో పనిచేసేవారికి రెండు జాగ్రత్తలు: ద్రవ రెజిన్‌ను వెలుతురుతో గట్టిపరిచే 3డి ప్రింటరులో తీసిన అచ్చులో అది చాలాసార్లు గట్టిపడదు, జిగురుగానే ఉండిపోతుంది. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగతో ప్రింట్ చేసిన అచ్చులో ఆ బాధ లేదు. రబ్బరు గ్లవ్స్ తగిలినా అదే ఇబ్బంది, వినైల్ గ్లవ్స్ వాడండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది తొడుగు ఊడి గొంతులో పడటం. గొట్టానికి 1 మి.మీ. లోతు గాడి తిప్పి, సిలికోన్ అందులో దిగేలా పోస్తున్నాను. ప్రెషర్ కుక్కర్లో 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, చల్లారాక స్ప్రింగ్ త్రాసుతో లాగి చూడటం, మళ్ళీ కుక్కర్లో పెట్టడం, ఇదే వరస. ఈ కుక్కర్‌ను వంటకు వాడకుండా విడిగా పెట్టాను. ఇంట్లో చేసినవేవీ ఎవరి నోట్లోనూ పెట్టను. ప్రింటు గీతల సందుల్లో క్రిములు నిలుస్తాయి, పూర్తిగా గట్టిపడని రెజిన్ శరీరానికి హాని చేస్తుంది.

సన్న గొట్టానిది వేరే సమస్య. రోగి దాని చుట్టూ పెదవులు బిగిస్తే నోట్లో పీడనం గొట్టంలో కంటే తగ్గి, గొట్టంలో ఉన్నది వెనక్కి నోట్లోకి రావచ్చు. అందులో ముందు రోగి లాలాజలం కూడా ఉండవచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల 2003 మార్గదర్శకాలు కూడా పెదవులు బిగించమని రోగికి చెప్పవద్దంటాయి. కానీ మత్తు ఇచ్చిన పెదవి బిగిసిందో లేదో రోగికే తెలియదు. ఆ భారం పరికరమే మోయాలని నా పట్టుదల. వెనక్కి రానివ్వని వాల్వు పెడితే గంజి, సుద్ద చేరి ఇరుక్కుంటోంది. పెదవులకు అందనంత దూరంలో, పైవైపున 1.5 మి.మీ. రంధ్రం పెట్టి, గొట్టంలో నీలం నీళ్ళు నింపి, సిలికోన్ పెదవులు బిగించి చూశాను. కొన మూసుకున్నా ఆ రంధ్రం గుండా గాలి నడుస్తూ నీలాన్ని మోటారు వైపే తోసుకుపోయింది. గొట్టాన్ని నోటికంటే ఎత్తుగా వేలాడదీసినప్పుడు మాత్రం ఒక్కో చుక్క వెనక్కి వస్తోంది, రంధ్రాన్ని 2 మి.మీ.కు పెంచి చూడాలి.

ఆ తర్వాత అక్క మణికట్టు సంగతి. లావు గొట్టం మెలికపడి చేతిని తిప్పేస్తోందంటోంది. పిడి దగ్గర సులువుగా తిరిగే జాయింటు ఒకటి గీస్తున్నాను. సుద్దనీళ్ళు దూరకుండా, విప్పి కడిగేందుకు వీలుగా దాని సీలు ఎలా ఉండాలో ఇంకా తేల్చాలి.