ఊరి మొదట్లో సర్కిల్: మొక్కల కంటే ముందు గొట్టం

చిన్న మున్సిపాలిటీల్లో ఊరి మొదట్లో, రోడ్ల కూడలి మధ్యన గుండ్రటి సర్కిల్ కట్టీ కట్టగానే మొక్కల కోసం నర్సరీకి లారీ పంపిస్తారు. నిజానికి అది ఆఖరున చేయాల్సిన పని. తారో సిమెంటో పోయకముందే రోడ్డు కింద రెండు మూడడుగుల లోతున నాలుగంగుళాల పీవీసీ గొట్టాలు రెండు వేయాలి. ఒకటి నీళ్లకి, ఒకటి కరెంటుకి. రెండు చివర్లకీ మూతలు బిగించి, ఎక్కడున్నాయో సర్కిల్ అంచున పాతే కర్బ్ రాయి మీద పెయింటుతో గుర్తు పెట్టాలి. ఇది మరిచిపోతే కొత్త రోడ్డు కోయాలి, లేదంటే ఎప్పటికీ ట్యాంకర్ కోసం ఎదురు చూడాలి. ఏప్రిల్లో ట్యాంకర్ పది రోజులు రాకపోతే చాలు, ఏడాది పని ఎండి కట్టెలవుతుంది.

తర్వాత మట్టి. రోడ్డు పని అయిపోయాక మిగిలిన కంకర, తారు పెళ్లలు, సిమెంటు ముద్దలు అన్నీ సర్కిల్లోకే తోసేసి, పైన ఒక జానెడు ఎర్రమట్టి కప్పి బిల్లు పెట్టేస్తారు. అడుగున్నర లోతు దాకా ఆ చెత్త తీయించకుండా మొక్క నాటితే డబ్బు దండగ. లెక్క ఇలా వస్తుంది. అడ్డంగా 12 మీటర్లున్న సర్కిల్ అంటే 113 చదరపు మీటర్లు. అడుగున్నర నింపడానికి 51 ఘనపు మీటర్లు, మధ్యలో రెండున్నర అడుగుల ఎత్తు దిబ్బ రావడానికి ఇంకో 28. వంద ఘనపుటడుగుల ట్రాక్టర్ ట్రాలీలైతే 28 పడతాయి. తొలి వానలకి మట్టి కిందికి దిగుతుంది కాబట్టి 32 తోలించుకోవాలి. అందులో మూడు ట్రాలీలు బాగా చివికిన పశువుల ఎరువు. దాన్ని పై అడుగులో కలిపితే సరిపోతుంది. పచ్చి ఎరువు వేస్తే చెదలు పడతాయి. చెరువు మట్టి చవగ్గా దొరుకుతుంది కానీ దాంతో పాటు తుంగ కూడా వస్తుంది, ఇక అది వదలదు. నల్లరేగడి జోలికి పోవద్దు. ఎండకి బీటలు తీస్తుంది, వానకి ఉబ్బి కర్బ్ రాళ్లని బయటికి నెడుతుంది. అంచు దగ్గర మట్టి కర్బ్ పైభాగం కంటే రెండంగుళాలు కిందే ఉండాలి. లేకపోతే మొదటి వానకే రోడ్డంతా బురద, దాని మీద బళ్లు జారడం.

దిబ్బ అందం కోసం కాదు. సర్కిల్ చదునుగా ఉంటే రాత్రి పూట ఎదురు రోడ్డు లైట్లు సూటిగా కనిపించి, దారి నేరుగా పోతోందనుకుంటాడు డ్రైవరు. దిబ్బ అడ్డొస్తే వేగం తగ్గించి పక్కకి తిప్పుతాడు. కానీ అంచు నుంచి రెండు మీటర్ల వరకు రెండడుగులు దాటి ఏదీ పెరగకూడదు, కుడివైపు నుంచి తిరిగి వచ్చే బండి కనపడాలి కదా. అలంకారానికని వదులు గులకరాళ్లు అంచున పోస్తారు. అవి రోజూ రోడ్డు మీదికే దొర్లుతాయి.

ఆ రెండు మీటర్ల పట్టీలో లాన్ వేయాలని అందరికీ ఉంటుంది. అక్కడ 63 చదరపు మీటర్లుంటుంది, ఎండాకాలం మీటరుకి రోజూ ఐదు లీటర్లు పోసినా 315 లీటర్లు కావాలి, పైగా కోత. నీటి కనెక్షన్ లేని చోట పాకే రకం లాంటానా, టేబుల్ రోజా మేలు. దాని లోపల బంగారు రంగు దురంత (కంచెలా కత్తిరించే పొద) రెండు వరసలు, తొమ్మిదంగుళాల ఎడంతో, ఎదురెదురుగా కాకుండా ఒక వరస మొక్క రెండో వరస సందుకి ఎదురుగా వచ్చేలా. దానికి 218 మొక్కలు, చచ్చేవి పోను 240 తెప్పించాలి. దిబ్బ మీద గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు. గన్నేరుని మేకలు ముట్టవు, చిన్న ఊళ్లో అది చిన్న విషయం కాదు. కాగితం పూలకి నీళ్లు ఎక్కువైతే ఆకులే తప్ప పూలు రావు. రాయల్ పామ్ వద్దు, దాని మట్ట ఊడి పడితే బైకు మీద వెళ్లేవాడి గతి ఆలోచించండి. కోనోకార్పస్ అసలే వద్దు.

నూరువరహాలు పెడితే మాత్రం ఆకుల్ని దగ్గరగా చూస్తుండాలి. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య ఆకు పసుపు తిరిగి, కొత్త చిగుళ్లు దాదాపు తెల్లగా వస్తే, కింద సిమెంటు ముద్దలు ఇంకా ఉన్నాయన్నమాట. సిమెంటులోని సున్నం వల్ల వేళ్లకి ఇనుము అందదు. అప్పుడు యూరియా వేసి లాభం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట, పది పదిహేను రోజులకోసారి, రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే పచ్చబడుతుంది. కింద చెత్త ఉన్నంతకాలం జబ్బు మళ్లీ వస్తుంది.

ఫౌంటెన్ గురించి అడుగుతారు. మోటారు ఆగిన మర్నాటి నుంచి అది దోమల తొట్టి. విగ్రహాల సంగతి సరే, రోడ్ల మీద విగ్రహాలకి అనుమతులు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అసలు ఎక్కువ నష్టం చేసేవి ఫ్లెక్సీలు. కర్రలు పాతితే డ్రిప్ పైపు తెగుతుంది, కట్టడానికొచ్చినవాళ్లు దురంతని తొక్కేస్తారు. డ్రిప్ పైపుని రెండంగుళాల మట్టి కింద పెట్టినా ఆ బెడద పోదు. అందుకే వాల్వ్ రోడ్డు పక్కన పెట్టించి, నెలకోసారి పైపు చివర విప్పి నీళ్లు వదిలి, ఎక్కడైనా తెగిందేమో చూడాలి. బోరు నీళ్లయితే పదిహేను రోజులకోసారి ఫిల్టర్ జాలీ కడగాలి.

నాటడం జూన్, జులైలో, రెండు మంచి వానలు పడ్డాక. దురంతకి వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి కత్తెర, చలికాలంలో నెలన్నరకి. పని పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు, మెరిసే జాకెట్లు వేసుకుని, కోన్లు పెట్టి, మొహం ఎప్పుడూ వచ్చే బళ్ల వైపు ఉంచి చేయాలి. కత్తిరించిన కొమ్మలు ఆ పూటే ఎత్తాలి. ట్యాంకర్ గొట్టానికి షవర్ తల బిగించకుండా వదిలితే ధారకి దిబ్బ కోసుకుపోతుంది.

డబ్బు దొరకదనుకోనక్కర్లేదు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టమంది. కాంట్రాక్టు రాసుకునేటప్పుడు నాటిన లెక్కకి కాకుండా బతికిన లెక్కకి చెల్లిస్తామని రాసుకోండి. ఆ లెక్క ఆగస్టులో కాదు, మే నెలాఖరున తీయండి.