కోడ్ హైదరాబాద్‌ది, చట్టం యూరప్‌ది

యూరప్ ఏఐ చట్టంతో మనకేం పని అనుకునే టీమ్‌లు దాని 2వ అధికరణం ఒకసారి చదవాలి. సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌లో తయారైనా, అదిచ్చే ఫలితాన్ని యూరోపియన్ యూనియన్‌లో వాడితే చట్టం వర్తిస్తుంది.

ఉద్యోగ దరఖాస్తులు వడపోసే టూల్‌నే తీసుకోండి. అది చట్టంలోని హై రిస్క్ జాబితాలో, అంటే మనుషుల హక్కులకు ముప్పు ఎక్కువని కఠిన నిబంధనలు పెట్టిన టూల్స్ జాబితాలో ఉంది. "తుది నిర్ణయం హెచ్‌ఆర్ వాళ్లదే కదా, మాది సాయమే" అంటారు చాలామంది. 6వ అధికరణంలో కొన్ని మినహాయింపులు ఉన్నమాట నిజమే, కానీ మనుషుల్ని ప్రొఫైలింగ్ చేస్తే, అంటే వాళ్ల వ్యక్తిగత డేటాను యంత్రంతో విశ్లేషించి వాళ్లను అంచనా కడితే, అవేవీ పనికిరావు. అభ్యర్థులకు స్కోరు వేసి వరుసలో నిలబెట్టడం ప్రొఫైలింగ్ కాక మరేమిటి?

ఇలాంటి టూల్ ఎప్పుడేం చేసిందో దానంతటదే రాసిపెట్టే రికార్డుల్ని (లాగ్‌లు) కనీసం 6 నెలలు ఉంచాలి. నెల తిరక్కుండానే చెరిగిపోయే సెట్టింగ్ ఉంటే ముందు అది మార్చండి. వేరేవాళ్ల హై రిస్క్ టూల్‌కి మీ పేరు తగిలించి అమ్మితే, తయారీదారు బాధ్యతలన్నీ మీ నెత్తినే పడతాయి.

హై రిస్క్ నిబంధనలు అమల్లోకి వచ్చే గడువును వాయిదా వేయాలని యూరోపియన్ కమిషన్ 2025 నవంబరులో ప్రతిపాదించింది. దాన్ని చూసి నిశ్చింతగా కూర్చోవద్దు. ఇంటర్వ్యూ వీడియోలో ముఖకవళికల్ని బట్టి భావోద్వేగాలు అంచనా కట్టే ఫీచర్‌పై 2025 ఫిబ్రవరి 2 నుంచే నిషేధం ఉంది. జరిమానా 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ. చిన్న కంపెనీలకైతే ఏది తక్కువో అది.