ఒతెల్, ఒపితాల్, ఆసుపత్రి

1985లో మన కళాశాలలో ఇంటర్ బైపీసీలో చేరినప్పుడు నేను రెండో భాషగా ఫ్రెంచి తీసుకోవడానికి, అందులో మార్కులు బాగా పడతాయని మా పెద్దన్నయ్య చెప్పిన మాట తప్ప వేరే కారణం లేదు. వైద్యుణ్ణి కావాలన్నది ఇంట్లో ముందే నిశ్చయమైన విషయం కాబట్టి భాషల పీరియడు మాకు ఊపిరి తీసుకునే వేళ మాత్రమే. అటువంటి తరగతిలో నేర్చుకున్నది నలభై ఏళ్లుగా నా వెంట ఉండిపోవడానికి కారకులైన మా ఫ్రెంచి మాస్టారి పాఠం గురించి ఈ సంచికలో రాయాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను.

ఆయనది యానాం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊళ్లో ఆయన చిన్ననాటి చదువు ఫ్రెంచిలోనే సాగింది. హైదరాబాదు పిల్లలం మేము "సార్" అంటే పలికేవారు గాని, ఎవరైనా "మాస్టారూ" అంటే ఆయన ముఖం విప్పారేది. తొలి నెల పుస్తకం తెరవనివ్వలేదు. ఫ్రెంచి రాతలో కనబడే అక్షరాలకూ నోట పలికే అక్షరాలకూ పొంతన ఉండదనీ, ముందు చెవి తయారుకావాలనీ చెప్పి, బోర్డు మీద మాటలన్నీ తెలుగు లిపిలోనే రాసేవారు. మన లిపిలో ఒక అక్షరం అంటే ఒక పలుకు; అందుచేత ఫ్రెంచి మాటను తెలుగులో రాసి, చివరి పొల్లులను వదిలేసి లెక్కిస్తే దాని పలుకులెన్నో కంటికే తెలిసిపోతాయి. ఆ భాషలో ముక్కుతో పలికే అచ్చులకు ఆయన అరసున్న పెట్టేవారు. తెలుగు పాఠాల్లో ఎందుకు ఉందో తెలియకుండా బట్టీపట్టిన ఆ గుర్తు అక్కడ చక్కగా కుదిరింది: రచయితను 'ఎక్రివాఁ' అంటారని రాసి, ముక్కుమీద వేలుంచి పలికించారు.

నాకు ఆ భాష మీద మనసు కుదిరిన రోజు స్పష్టంగా జ్ఞాపకముంది. ఆయన బోర్డు మధ్యలో 'హోస్పితాలె' అని రాశారు. అతిథికి సంబంధించినది, అతిథికి చోటిచ్చేది అని అర్థమున్న లాటిన్ మాట. "పదో తరగతిలో ఉత్పలమాలకు గణాలు విడగొట్టారు కదర్రా, ఇదీ ఆ పనే" అంటూ సుద్దముక్కతో హో, స్పి, తా, లె అని నాలుగు ముక్కల మధ్య నిలువు గీతలు గీశారు. మూడో ముక్క 'తా' మీద అడ్డంగా ఒక గీత గీసి, లాటిన్‌వాళ్ల ఊనిక, అంటే ఒత్తి పలికే బలం, దీనిమీద ఉండేదన్నారు. తర్వాత చేతి మడమతో 'స్పి' తుడిచేశారు. చివరి 'లె'లో అచ్చు తుడిచి లకారపొల్లు మిగిల్చారు. మొదటి హకారం నోట పలకదు గనుక దాన్నీ తుడిచారు. బోర్డు మీద మిగిలినది 'ఒతెల్'. ఊనిక ఉన్న 'తా' తుడుపుకు లొంగక, అచ్చు మాత్రం మార్చుకుని 'తె'గా నిలబడింది. ఆ పక్కన మళ్లీ మొదటి మాట రాసి, ఈసారి పలకని హకారాన్నీ, 'స్పి'లోని సకారాన్నీ, చివరి అచ్చునూ మాత్రం తీసేసి 'ఒపితాల్' అని చూపారు. ఒకటి బస చేసే ఇల్లు, రెండోది వైద్యశాల. ఒక తల్లి పిల్లలే. ఒకటి రెండు పలుకులకు తరిగింది, ఇంకొకటి మూడు పలుకులు నిలుపుకుంది.

ఎందుకిలా అన్నదానికి ఆయన చెప్పిన కారణం సంస్కృతం తీసుకున్న మా మిత్రులకు ఇంకా తేలిగ్గా అర్థమై ఉండేది. సామాన్యుల నోట తరతరాలుగా నలిగిన లాటిన్ మాటలు ఒక జాతి. చదువుకున్నవాళ్లు తర్వాతి కాలంలో లాటిన్ గ్రంథాలు ముందు పెట్టుకుని నేరుగా తెచ్చుకున్నవి మరో జాతి. 813లో ఫ్రాన్సులోని తూర్ నగరంలో సమావేశమైన మతాచార్యులు, ప్రసంగాలను జనానికి తెలిసే పల్లె రోమను భాషలోకి మార్చి చెప్పాలని నిర్ణయించారంటే, అప్పటికే జనం నోటి భాష గ్రంథాల లాటిన్‌కు ఎంత దూరమైపోయిందో ఊహించవచ్చు. పద్నాలుగో శతాబ్దంలో అయిదవ చార్లెస్ రాజు కోసం అరిస్టాటిల్‌ను ఫ్రెంచిలోకి తెచ్చిన నికోల్ ఒరెమ్ వంటివారు, జనం మాటల్లో దొరకని భావాలకు లాటిన్ మాటల్నే దించుకున్నారు. మొదటి జాతి మన తద్భవం, రెండోది మన తత్సమం. "యాత్ర వేరు, జాతర వేరు, కాని రెండూ ఒకటే మాట" అని మాస్టారు అన్నప్పుడు, అంతవరకు నేను ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడనేలేదని గ్రహించి నిటారుగా కూర్చున్నాను. 1868లో ఓగూస్త్ బ్రాషే అనే పండితుడు ఇటువంటి జంట మాటలన్నిటినీ ఏరి ఏకంగా ఒక నిఘంటువే కూర్చాడు.

ఊనిక సూత్రాన్ని ఆయన కొలిమి మీద మరోసారి చూపారు. కమ్మరి పనిచోటుకు లాటిన్‌లో 'ఫాబ్రిక', మూడు పలుకులు, ఊనిక మొదటిదాని మీద. జనం నోట అది 'ఫోర్జ్' అయింది, ఒక్కటే పలుకు, అర్థం కొలిమి. పుస్తకాల దారిన వచ్చినది 'ఫాబ్రీక్', రెండు పలుకులు, అర్థం కర్మాగారం. ఊనిక తర్వాతి పలుకులు రాలిపోవడం వల్లనే ఫ్రెంచి మాట ఎప్పుడూ చివర నిలిచి ఒత్తి పలుకుతున్నట్లు వినిపిస్తుంది. మేము నమ్మలేకపోయినది మాత్రం ఆగస్టు నెల. 'ఔగుస్తుమ్' అన్న మూడు పలుకుల చక్రవర్తి బిరుదు అరిగి అరిగి 'ఊత్' అయి కూర్చుంది. మహనీయమైన అనే అర్థంలో గ్రంథాల నుంచి వచ్చిన 'ఓగ్యుస్త్' పక్కన నిలబెడితే ఇవి ఒక ఇంటివని ఎవరూ అనుకోరు.

ఇక్కడ నా సొంత పరిశీలన ఒకటి చెప్పాలి. నోట నలిగినప్పుడు ఫ్రెంచి మాట తరుగుతుంది, తెలుగు మాట చాలాసార్లు పెరుగుతుంది. యాత్ర రెండక్షరాలైతే జాతర మూడు. రాత్రి రెండు, రాతిరి మూడు. శ్రీ ఒకటి, సిరి రెండు. సంయుక్తాక్షరం ఎదురైతే మనం మధ్యలో ఒక అచ్చు వేసి దారి వెడల్పు చేసుకుంటాం, వాళ్లు ఆ ఇరుకును ఇంకా నలిపి ముందుకు సాగుతారు. అయితే మాట మొదట సకారంతో జంట హల్లు వచ్చినప్పుడు ఇద్దరమూ ఒకే పని చేశాం. లాటిన్ 'స్కోల' నోరు తిరగక ముందొక అచ్చు చేర్చుకుని 'ఎస్కోల్' అయి, పిమ్మట సకారం పోగొట్టుకుని 'ఎకోల్' అయింది. మా నాయనమ్మ జీవితాంతం 'ఇస్కూలు' అనే అన్నది. అదేవిధంగా రాయడమన్న 'స్క్రీబెరె' నుంచి 'ఎక్రీర్' వచ్చింది. రాత 'ఎక్రిత్యూర్', వర్ణించడం 'దెక్రీర్'. కాని వర్ణన అన్న నామవాచకం 'దెస్క్రిప్సియోఁ' పుస్తకాల దారిన వచ్చింది గనుక సకారం చెక్కుచెదరలేదు. ఈ కుటుంబం మొత్తాన్ని మేము బడి గోడకు వేసే వంశవృక్షంలా ఒక అట్ట మీద గీశాం.

పోయిన సకారానికి గుర్తుగా కొన్ని మాటల్లో అచ్చు మీద చిన్న టోపీ పెడతారు. 1740లో ఫ్రెంచి అకాడెమీ తన నిఘంటువు మూడో కూర్పులో, పలకని సకారాలు వేలాది మాటల్లోంచి తీసేసినప్పుడు ఈ పద్ధతి స్థిరపడింది. టోపీ కనబడితే కింద సకారం పూడ్చి ఉందని తవ్వి చూడమనేవారు మాస్టారు. అడవి 'ఫోరే' మీద టోపీ ఉంది. అడవికి సంబంధించిన 'ఫోరెస్తియే'లో సకారం బయటపడుతుంది. పండుగ 'ఫెత్', ఉత్సవం 'ఫెస్తివాల్'.

ఉపసర్గలకు ఆయన ఒకే గంట కేటాయించారు, అది చాలింది. మోయడం 'పోర్తే', 'అపోర్తే' అంటే తేవడం, 'ఆఁపోర్తే' అంటే తీసుకుపోవడం, 'సుపోర్తే' అంటే భరించడం. హృ ధాతువుకు కూడా తీసుకుపోవడమనే అర్థముందనీ, ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహారాల శ్లోకం దీని గురించేననీ చెబితే, సంస్కృతం తరగతి పిల్లలు ఇద్దరు కిటికీ దగ్గర నిలబడి వినడం నాకు గుర్తు.

ఏడాది చివర ఆయన మళ్లీ 'హోస్పితాలె' దగ్గరకే వచ్చారు. మన ఊళ్లో ఆసుపత్రి ఉంది, హోటలు ఉంది, ఈ రెండూ మనకెక్కడివని అడిగారు. రెండూ ఇంగ్లీషువాళ్ల చేతిమీదుగా వచ్చినవే, వాళ్లకు ఫ్రాన్సు నుంచి వెళ్లినవే. అన్నం తినే హోటలు, సూది మందు వేయించుకునే ఆసుపత్రి మన వీధిలోనే ఎదురెదురుగా నిలిచిన తోబుట్టువులు. పైగా ఫ్రెంచి పారేసిన సకారాన్ని మన ఆసుపత్రి భద్రంగా దాచుకుంది. ఆ, సు, ప, త్రి అని వేళ్లమీద లెక్కపెడితే లాటిన్ తల్లికున్నన్ని పలుకులే, నాలుగు. పారిస్‌లోని పాత వైద్యశాల పేరు ఇప్పటికీ 'ఒతెల్-ద్యూ', దేవుని ఒతెల్. ఆ దేశంలో కూడా ఈ రెండు మాటలూ ఒకప్పుడు ఒకే గుమ్మంలో ఉండేవని ఆ పేరు చెబుతోంది.

వైద్య కళాశాలలో చేరాక ఈ చదువు నాకు అడుగడుగునా తోడువచ్చింది. ఫ్రెంచివాడైన లాయెన్నెక్ 1816లో కాగితపు గొట్టం చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడనీ, ఆ పరీక్షకు పెట్టిన పేరు లాటిన్ 'ఔస్కుల్తారె' నుంచి తీసినదనీ చదివిన రోజున నేను వెంటనే నిలువు గీతలు గీసి చూశాను. జనం నోట అదే మాట 'ఎకూతే' అయి, మామూలుగా వినడమనే అర్థంలో అక్కడ ఇంటింటా ఉంది.

కొన్నేళ్ల కిందట మాస్టారు ఆయాసంతో బాధపడుతూ కూతురి చెయ్యి పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. చొక్కా గుండీలు నేనే విప్పి స్టెతస్కోపు ఛాతీమీద ఆనించాను. కళ్లు మూసుకునే, మెల్లగా అడిగారు: "నువ్వు చేస్తున్న పనిని ఫ్రెంచిలో ఏమంటారు?"

"ఓస్క్యుల్తే, మాస్టారూ."

"ఎన్ని?"

"మూడు. లాటిన్‌లో నాలుగు."

"పోయిందేది?"

"ఊనిక తర్వాతిదండి. చివరి 'రె'."

తల ఊపి, గట్టిగా ఊపిరి పీల్చారు. నేను వింటూ ఉన్నాను.