పైనుంచి చూస్తే అన్నీ పాపిటలే

కండక్టర్ ఉద్యోగం గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇందులో రోజంతా కనిపించేవి నడినెత్తులే. ప్రయాణికులు కూర్చుంటారు, మనం నిలబడి వాళ్ల మీదికి వంగి టికెట్లు కొడతాం. హన్మకొండ నుంచి కరీంనగర్ వెళ్లే బస్సు హసన్‌పర్తి దాటేసరికి యాభై అరవై పాపిటలు నా కళ్ల కిందుగా వెళ్లిపోతాయి. పదమూడేళ్లుగా ఇదే చూస్తుంటే ఒక విద్య అబ్బింది. పాపిట చూసి, ఆ తలకు రంగు వేసి ఎన్నాళ్లయిందో చెప్పగలను. కుదుళ్లలో తెలుపు మిణుకుమంటుంటే వారం, పది రోజులు. బియ్యపు గింజంత పెరిగితే మూడు వారాలకు దగ్గర పడింది. సుద్దముక్కతో గీత గీసినట్టుంటే నెల దాటింది, ఆ ఇంట్లో ఈ మధ్య పెళ్లీ పేరంటమూ ఏమీ లేవు.

ఈ విద్య నేర్చుకున్నది ఇతరుల కోసం కాదు. వాళ్లవి నాకు ఇంత తేటగా కనిపిస్తుంటే, నేను వంగినప్పుడు నాది వాళ్లకు ఎంత కనిపిస్తుందోనన్న బెంగ.

నాకు మొదటి తెల్లవెంట్రుక ఇరవై మూడో ఏట వచ్చింది. నాయనమ్మ చూసి "బాలనెరుపు" అంది. అందులో 'బాల' ఉన్నందుకు కాస్త ఊరట. ఆసియా వాళ్లకు పాతికేళ్లలోపు నెరిస్తే దాన్ని బాలనెరుపు కింద లెక్కవేస్తారని తరువాత తెలిసింది. అంటే రెండేళ్ల తేడాతో అర్హత సంపాదించాను. ఇది నాన్న ఇచ్చిన ఆస్తి. ఆయనకు ముప్పై ఐదేళ్లకే తల ముగ్గుబుట్ట. ఊళ్లో మాత్రం తల పండిన మనిషని పంచాయితీలకు పిలిచేవారు. అదే జుట్టు నాకు వచ్చేసరికి అమ్మకు నిద్ర పట్టలేదు, సంబంధాలు ఎలా కుదురుతాయని.

2014లో పెళ్లిచూపుల ముందు రోజు రాత్రి, అమ్మ నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి మొదటిసారి రంగు వేసింది. అరగంట ఉంచి కడగమని పొట్లం మీద రాసి ఉంటే, గంట ఉంచింది. మంచి సంబంధం కదా, గట్టిగా పట్టాలని. పెళ్లయిన నెలకు మా ఆయనకు సంగతి తెలిసిపోయింది, బాత్రూంలో దాచిన బ్రష్షు దొరికి. ఏమంటాడోనని నేను గుండె చిక్కబట్టుకుని నిలబడితే, "ఇందులో కొంచెం మిగిలితే ఉంచు, మీసానికి సరిపోతుంది" అన్నాడు. మా కాపురంలో మొట్టమొదటి ఉమ్మడి సామాను ఆ రంగు గిన్నె.

ఆ తరువాత పదేళ్లు పద్దెనిమిది రోజులకొకసారి. లెక్క వేస్తే రెండు వందల సార్లు. వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే పాత నైటీ, మెడ చుట్టూ చిరిగిన తువ్వాలు, చెవులకు కొబ్బరినూనె, ముక్కులు పగిలే అమ్మోనియా వాసన. గచ్చు మీద పడిన చుక్క ఎంత రుద్దినా పోయేది కాదు, తలమీది రంగు మాత్రం మూడు వారాలు నిలిచేది కాదు. 2019లో మా సమ్మె 52 రోజులు నడిచింది. జీతాలు లేవు. ఇంట్లో లీటరు పాలను అర లీటరు చేశాను, పాపకు సైకిల్ కొంటానన్న మాట వాయిదా వేశాను. రంగు పొట్లం మాత్రం ఆపలేదు. ధర్నాలో కూర్చుంటే వెనక వరుసలో ఉన్నవాళ్లకు నా నడినెత్తి కనిపిస్తుందని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణం ఉచితం. డబ్బు తీసుకోకపోయినా జీరో టికెట్ కొట్టి చేతికివ్వాలి, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూడాలి. దాంతో నా విద్యకు రెండో కన్ను వచ్చింది. పైన పాపిట, కింద ఆధార్‌లో పుట్టిన సంవత్సరం. 1961లో పుట్టిన తల నిగనిగలాడుతుంది. 1994లో పుట్టిన పిల్ల నడివేసవిలో చున్నీ నుదుటిదాకా లాక్కుని కూర్చుంటుంది, అది జారినప్పుడు అర్థమవుతుంది ఎందుకో. ఎంతమంది ఆడవాళ్లు ఈ పని చేస్తున్నారో ఆ నెలరోజుల్లో చూసినంత అంతకుముందు పదేళ్లలోనూ చూడలేదు. (ఆధార్‌లో ఫొటో మాత్రం ఏ వయసు వాళ్లదీ బాగుండదు. అక్కడ అందరూ సమానమే.)

బస్సులు కిటకిటలాడుతున్న ఆ రోజుల్లోనే, 2024 జనవరిలో, సంక్రాంతి ముందు, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి డ్యూటీకి ముందే హడావిడిగా రంగు వేసుకున్నాను. మధ్యాహ్నానికి నెత్తి దురద. రాత్రికి చెవుల వెనక నీరు కారింది. మరునాడు కళ్లు తెరుచుకోలేదు, రెప్పలు బూరెల్లా పొంగాయి. చర్మ డాక్టరు దగ్గరికి మా ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవాల్సి వచ్చింది.

ఆ డాక్టరు ఓపికగా చెప్పాడు. బీఎస్సీ చదివిన దాన్ని కాబట్టి నాకూ బాగానే ఎక్కింది. నల్లరంగులో ఉండేది పీపీడీ, పూర్తి పేరు పారాఫినైలిన్ డైఅమీన్. చిన్న అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దూరుతుంది, అక్కడ పెరాక్సైడ్‌తో కలిసి పెద్ద రంగు అణువుగా మారి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. అందుకే కడిగినా పోదు. ఏళ్ల తరబడి పడిన మనిషికి కూడా ఒకరోజు ఉన్నట్టుండి పడకపోవచ్చు. ఒకసారి ఒంటికి అది శత్రువని తెలిశాక ఇక మరిచిపోదు. అమ్మోనియా లేదని రాసిన పెట్టెల్లోనూ పీపీడీ ఉండవచ్చు, నల్ల హెన్నా అని అమ్మే పొడుల్లోనూ ఉండవచ్చు. రంగు వేసే ముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడాలట. ఆ మాట పొట్లం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. రెండు వందల సార్లలో ఒక్కసారి కూడా నేను చూడలేదు.

బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించాడు, అవి తగ్గినా జుట్టు త్వరగా నెరుస్తుందని. రెండూ బాగానే ఉన్నాయి. "మీ నాన్నగారిదే" అని కాగితం మడిచి ఇచ్చాడు.

కాబట్టి ఎవరైనా నన్ను ధైర్యవంతురాలంటే ఒప్పుకోను. ఆ రెప్పలు పొంగకపోతే ఈపాటికి రెండు వందల ముప్పై ఐదోసారి గిన్నె కలుపుతూ ఉండేదాన్ని. ఒక్కసారి అమ్మ మాట విని చెట్టు గోరింటాకు రుబ్బి పెట్టుకున్నాను. నల్లగా ఉన్న చోట ఏమీ తెలియలేదు, తెల్లగా ఉన్నవన్నీ తుప్పు పట్టిన రేకు రంగుకు తిరిగాయి. డిపోలో ఒక డ్రైవరన్న "బస్సులకు పెయింటింగ్ ఇప్పుడు మీరే వేస్తున్నారా, అక్కా?" అన్నాడు. గోరింటాకు కథ అంతటితో సరి.

ఫిబ్రవరిలో మేడారం జాతర. 21 నుంచి 24 దాకా హన్మకొండలో మేడారం బస్సుల దగ్గర డ్యూటీ పడింది. అప్పటికి నా పాపిటలో వేలెడు వెడల్పున తెల్లచార. నెత్తిన బంగారం మూటలు, చంకలో పిల్లలు, చేతిలో కోళ్లు, జనం మీద జనం. అమ్మవార్లకు నిలువెత్తు బెల్లం ఇచ్చే జాతర కదా, ఆ బెల్లాన్ని బంగారమనే అంటాం. ఆ నాలుగు రోజులూ నా తలవైపు ఒక్కరూ చూడలేదు. సాయంత్రానికి దుమ్ము పడి అందరి తలలూ నా రంగుకే వచ్చాయి.

అసలు కష్టం జాతర తరువాత మొదలైంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది, తొందరపెట్టినా ఇంతే. నా జడ నడుము దాకా. పైన తెలుపు, కింద రంగు వెలిసి ఎర్రబారిన నలుపు. పూర్తిగా తెల్లబడ్డ తలను జనం చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఈ రెండు రంగుల తలను మాత్రం వదలరు. "ఒంట్లో బాగుండటం లేదా?" అని ఒకరు, "ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని ఒకరు. హుజూరాబాద్‌లో రోజూ ఎక్కే టీచరమ్మ ఏమీ అడగకుండా ఒక సంచిలో ఉసిరి పొడి తెచ్చిచ్చింది. దానితో పచ్చడి చేసుకున్నాం.

మా అత్తమ్మది వేరే ఆలోచన. "వేములవాడ రాజన్నకు మొక్కుకుని తలనీలాలు ఇచ్చెయ్. మళ్లీ ఒకే రంగులో మొలుస్తుంది" అంది. "ఇవ్వడానికి నా తలలో నీలాలు ఎక్కడున్నాయి, అత్తమ్మా?" అని నవ్వాను కానీ, ఆ సలహా నన్ను చాలా రోజులు పట్టుకుంది. గుండుతో డ్యూటీకి వెళ్తే ఒక్కరూ కారణం అడగరు. దేవుడికిచ్చిందనుకుని పక్కకు తప్పుకుని దారి కూడా ఇస్తారు. ఉన్న జుట్టును ఉన్నట్టు వదిలేస్తే మాత్రం ప్రతి స్టేజీలోనూ జవాబు చెప్పుకోవాలి. ఈ తేడా అర్థమయ్యాక గుండు చేయించుకోబుద్ధి కాలేదు. అత్తమ్మ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక వేములవాడ వెళ్లి మూడు కత్తెరలు ఇచ్చి వచ్చాను. తెగినవి కింది కొసలు. రాజన్నకు చేరింది నా జుట్టు కాదు, కంపెనీ రంగు. ఆయన ఏమీ అనుకోలేదనే నమ్మకం. మిగిలినదాన్ని ఆగస్టులో భుజాల దాకా కత్తిరించేశాను. ఆ రోజు తల తేలికై మెడ ఎక్కడుందో చేత్తో తడుముకుని చూసుకున్నాను.

ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మకు పుట్టింటికి వెళ్లాను. అమ్మ వాకిట్లో గునుగు ముందేసుకుని కూర్చుంది. గునుగు తెలుసు కదా, చేల గట్ల మీద మొలిచే వెండిరంగు కంకి, కొసన లేత గులాబీ జీర. అమ్మ వాటి కాడలు సమానంగా కోసి, పిడికెడేసి కట్టలు కట్టి, తలకిందులుగా పట్టుకుని రంగునీళ్లలో ముంచి తీస్తోంది. ఒక చెంబులో ఆకుపచ్చ, ఒక దాంట్లో ఊదా, ఒక దాంట్లో ఎరుపు. తీసి రెండుసార్లు విదిల్చి పాత పేపరు మీద పరుస్తుంది. వేళ్ల సందుల్లో మూడు రంగులూ కలిసి బురదలా ఉన్నాయి. నావైపు చూసి, "నీ తల కూడా గునుగు కట్టలాగే ఉంది బిడ్డా, సగం ముంచి సగం మరిచిపోయినట్టు. ఇటు వంచు, ఈ ఊదాలో ముంచుతాను" అంది.

ఒక్క వరస తెల్లగా ఉంచుదామని అడిగాను. "బతుకమ్మకు బోసి పువ్వు పెడతామా?" అని ఆ కట్టనూ ముంచేసింది. అమ్మకు అరవై రెండు. ఆమె పాపిట చూశాను. నా విద్య ప్రకారం, ముందు రోజు రాత్రిదే. సాయంత్రం వేయి స్తంభాల గుడి దగ్గర ఆడుతున్నప్పుడు అంతమందిలో నన్ను ఎవరికి పరిచయం చేసినా, "రంగు పడదు దీనికి, డాక్టరు వద్దన్నాడు" అని ముందే చెప్పింది. అడగకముందే. ఆ మాటకు కోపం రావాలి. రాలేదు. పెరట్లో పీట మీద గంటసేపు రంగు ఉంచిన మనిషే కదా.

నా కూతురికి తొమ్మిదేళ్లు. స్కూల్లో మీటింగుకు వస్తే తలకు స్కార్ఫ్ కట్టుకోమంది. ఎవరో "మీ నాయనమ్మా?" అని అడిగారట. కట్టుకున్నాను. ఇప్పటికీ కట్టుకుంటున్నాను. దానికి ఇష్టమైనప్పుడు తనే విప్పమంటుంది, అనకపోతే నష్టం లేదు.

బస్సులో నా పిలుపు మారింది. 'అక్కా' అనేవాళ్లు 'అమ్మా' అంటున్నారు, 'అమ్మా' అనేవాళ్లు 'పెద్దమ్మా' దాకా వెళ్లారు. ఒక రోజు ఎల్కతుర్తిలో డెబ్బై ఏళ్ల పెద్దాయన "అవ్వా, చిల్లర లేదు" అన్నాడు. అవ్వనట! మొదట ఒళ్లు మండింది. ఆయన చూపు సరిగా లేదని తరువాత గమనించాను. తాగి ఎక్కేవాళ్లు మునుపటిలా వాదించడం లేదు. చిల్లర తీసుకుంటూ వేలు తగిలించే రకం కూడా బాగా తగ్గింది. నేను చేతికి తాకకుండా పైనుంచి నాణేలు వదలడం ఎప్పుడో అలవాటు చేసుకున్నాను, ఇప్పుడు ఆ అవసరం పడటం లేదు. ఇది లాభమని రాయడానికి చెయ్యి రావడం లేదు. పదమూడేళ్లు అదే గొంతుతో చెబితే వినని మాట, నాలుగు తెల్లవెంట్రుకలు కనిపించగానే ఎలా వినిపించింది?

మా ఆయన మాత్రం ఆదివారం ఆదివారం మీసానికి రంగు వేస్తూనే ఉన్నాడు. నా చేతితో గిన్నె ముట్టుకోకూడదు కాబట్టి ఆయనే కడుక్కుంటాడు.

ఇరవై ఒక్క నెలలైంది. నల్లరంగు కొసల్లో రెండు మూడు వేళ్లంత మిగిలింది. మొన్న పొద్దున్న ట్రిప్పులో ఒక కాలేజీ అమ్మాయి ఆధార్ చూపిస్తూ నా తల వైపే చూస్తోంది. చెవి పక్కన పాయ ఒకటి పూర్తిగా వెండి అయింది నాకు, ముందుకు పడుతూ ఉంటుంది. "అక్కా, ఈ కలర్ చాలా బాగుంది. ఏ పార్లర్‌లో వేయించారు? ఎంత తీసుకున్నారు?" అని అడిగింది. చాలా రోజుల తరువాత 'అక్కా' అన్న మాట వినిపించింది.

"జీరో టికెట్టే" అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు, తనకిచ్చిన టికెట్‌ను తిప్పి చూసుకుంది. హసన్‌పర్తిలో దిగేవాళ్లు లేచారు.